ముప్పైమూడో పేజీ

గువ్వ నిద్ర లేవగానే కళ్లు తెరిచేది కాదు. ముందు నాలుకను పళ్ల వెంట మెల్లగా తిప్పి చూసుకునేది. అంచున ఎక్కడైనా చురుక్కుమంటే తనకు తెలియకుండా నిద్రలో ఫిట్స్ వచ్చి పోయినట్టు లెక్క. ఏమీ లేకపోతే కాలివేళ్లు కదిపేది, చేతివేళ్లు కదిపేది. ఆ తరువాత, ఇంకా కళ్లు మూసుకునే, ఒక్కో పాఠాన్నీ ఒక్కసారి తట్టి చూసేది. ఏడో ఎక్కం చివర నుంచి మొదటికి. పొడవైన నదులు మూడు. చరిత్రలో ఒక తేదీ. వాచకంలో ఒక పద్యపాదం. నీళ్లు ఎంత వేడికి మరుగుతాయో. అన్నీ పలికాక, “దేవుడా, అన్నీ ఉన్నాయి” అని లోపల్లోపలే చెప్పుకుని అప్పుడు కళ్లు తెరిచేది.

తొమ్మిదో ఏట వచ్చిన అలవాటది. ఒకసారి పెద్దగా ఫిట్స్ వచ్చి తేరుకున్నాక ఏడో ఎక్కం మొత్తం మాయమైపోయింది. ఆరు ఉంది, ఎనిమిది ఉంది, మధ్యలో పన్ను ఊడిన చోటులా ఖాళీ. మధ్యాహ్నానికి దానంతట అదే తిరిగి వచ్చింది కానీ, ఆ నాలుగు గంటల భయం మాత్రం వెళ్లలేదు. నేర్చుకున్నదేదైనా చెప్పాపెట్టకుండా పోవచ్చని ఆ పిల్లకు ఆ రోజే తెలిసింది.

ఆమె బడికి వెళ్లింది ఒకే ఒక్క ఏడాది. ఒకటో తరగతిలో, బల్లల మధ్య పడిపోయి కొట్టుకుంటుంటే పిల్లలు బల్లలెక్కి ఏడ్చారు. హెడ్మాస్టరమ్మ చెడ్డ మనిషి కాదు. తన శాలువా తీసి పిల్లకు చుట్టి, ఎవరితోనూ పంపకుండా తానే ఎత్తుకుని తెచ్చింది. గుమ్మంలో నిలబడి, “మా దగ్గర చూసుకునే మనిషి లేదమ్మా. నాకు భయంగా ఉంది” అని కళ్లు తుడుచుకుంది. గువ్వ తల్లి ఆమెకు మంచినీళ్లిచ్చింది.

అప్పుడు తాతయ్య, అంటే తల్లికి తండ్రి, జిగురు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు. “నా బల్ల కింద ఆరేళ్లుగా పిల్లి ఉంటోంది. బల్ల పక్కన మనవరాలు ఉండలేదా?”

తాతయ్య పుస్తకాల బైండరు. కింద గది దుకాణం, పైన రెండు గదులు ఇల్లు. చినిగిన పుస్తకాలు బడుల నుంచి, ఆఫీసుల నుంచి మూటలుగా వస్తే విప్పి, కుట్టి, అట్టలు వేసి పంపేవాడు. తాను చదివింది అయిదో తరగతే. అయినా యాభై ఏళ్లుగా పుస్తకాల మధ్య ఉన్నవాడు. అచ్చులో ఉన్నమాట అబద్ధం కాదని ఆయన గట్టి నమ్మకం.

గువ్వ చదువంతా ఆ బల్ల దగ్గరే సాగింది. పొద్దున్నే లెక్కలు. పెద్ద కాగితాన్ని ఒకసారి మడిస్తే నాలుగు పేజీలు, రెండుసార్లు మడిస్తే ఎనిమిది, మూడుసార్లకు పదహారు. అదొక ఫారం. ఎన్ని ఫారాలకు ఎంత దారం, ఎంత అట్ట, అంచు కోసేస్తే ఎంత పోతుంది అంటూ భిన్నాలూ వైశాల్యాలూ ఆమెకు చేతివేళ్లతోనే వచ్చేశాయి. ఆ తరువాత భూగోళం. ఇంటికొచ్చిన రోజున నాన్న పటం మీద వేలు పెట్టి తన లారీ వెళ్లిన దారి చూపించేవాడు. “ఇక్కడ కొండ ఎక్కాలి. మీ పుస్తకంలో గోధుమరంగు వేశాడు చూడు, అక్కడ నాకు చెమటలు పడతాయి” అనేవాడు. పదకొండింటికి జిగురు ఉడికేటప్పుడు సైన్సు. మధ్యాహ్నం చరిత్ర. సాయంత్రం వాచకం గట్టిగా చదవాలి. తాతయ్య కుడుతుంటాడు. సూదిలో ఎక్కించిన దారం అయిపోయేదాకా చదువు ఆగకూడదు. అదొక్కటే ఆయన పెట్టిన నియమం.

“పొడుగు దారం ఎక్కిస్తున్నావు తాతయ్యా, నాకు తెలుస్తోంది” అనేది గువ్వ.

“దారం పొడుగు కాదే, నీ బద్ధకం పొట్టి. చదువు.”

పాఠ్యపుస్తకాలు అయిదు. ఏదో బడివాళ్లు పనికిరావని పారేసిన కట్టలోంచి ఏరి, మడతల దగ్గర చీలిపోయిన కాగితాలకు ఒక్కొక్కదానికీ సన్నకాగితపు పట్టీ అతికించి, అంకెల వరుసన పేర్చి, నీలం గుడ్డ అట్టలు వేసి తాతయ్యే కుట్టి ఇచ్చాడు. అంత అందమైన పుస్తకాలు బడిలో ఏ పిల్లకూ ఉండవని అమ్మ అనేది.

ఏడాదికోసారి విద్యాశాఖ ఆఫీసుకు ఉత్తరం రాస్తే, ఇంట్లోనే చదువుకోవచ్చని మరో ఏడాదికి అనుమతి వచ్చేది. గువ్వకు పన్నెండేళ్లు నిండిన ఏడు మాత్రం ఉత్తరానికి బదులు హుకుం వచ్చింది. పిల్ల స్వయంగా వచ్చి అన్ని సబ్జెక్టుల్లో పరీక్ష ఇవ్వాలి. చదువు చెప్పేవారు కూడా రావాలి. ‘సంతృప్తికరంగా లేనిపక్షంలో విద్యార్థినిని ప్రత్యేక ఆవాస పాఠశాలకు పంపవలసి ఉంటుంది.’

ఆ చివరి వాక్యాన్ని అమ్మ మూడుసార్లు చదివి కాగితం మడిచి పెట్టేసింది. ఆ బడి రైల్లో సగం రోజు దూరం. నాలుగు నెలలకోసారి ఇంటికి పంపుతారు.

అమ్మ రోజూ పడుకునే ముందు గువ్వ జడ కొసను తన వేలికి చుట్టుకునేది, పిల్ల కదిలితే తెలియాలని. తెల్లవారుతూనే లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి వెళ్లే మనిషి, ఏడాది పొడవునా ఆ వేలు విప్పకుండానే నిద్రపోయేది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఇంట్లో పిల్లికి తప్ప అందరికీ తెలుసు. అక్కడ వరసగా నలభై మంచాలు ఉంటాయట. ఎవరి వేలికి ఎవరి జడ చుడతారు?

పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులు. ఎదురు దుకాణం గడియారాల అత్తది. చుట్టరికం ఏమీ లేదు. వీధంతా అత్త అంటే గువ్వా అత్త అంది. కంటికి భూతద్దం బిగించుకుని రోజంతా గడియారాలు బాగుచేసే ఆవిడ, అద్దం తీయకుండానే మాట్లాడేది.

“ఏమే గువ్వా, పరీక్షట కదా. నేనో ప్రశ్న అడగనా?”

“అడుగత్తా. గడియారాల సంగతి మాత్రం అడక్కు.”

“గడియారమే. లోపల ఉండే గడియారం. గుండెకి ఎన్ని గదులు?”

“మూడు” అంది గువ్వ తడుముకోకుండా. “పైన రెండు కర్ణికలు, కింద ఒకే జఠరిక.”

“మూడేంటే? ఒకటి అద్దెకిచ్చావా?” అని అత్త పకపకా నవ్వింది. “నాలుగే పిల్లా. నా గుండె బాగాలేదన్నప్పుడు డాక్టరు ప్లాస్టిక్ గుండె చేతిలో పెట్టి మరీ చూపించాడు. విప్పి మళ్లీ బిగించి ఇచ్చాను కూడా.”

“మా పుస్తకంలో మూడే ఉంది. చర్మం సంగతి కూడా ఉంది.”

“చర్మానికేమైంది?”

“ఊపిరి పీలుస్తుంది కదా, తడిగా ఉంటే. అందుకే ఫిట్స్ తగ్గాక నాకు అమ్మ తడిగుడ్డతో చేతులు తుడుస్తుంది. తాతయ్య కూడా మెట్లెక్కి ఆయాసం వస్తే మోచేతులు తడుపుకుంటాడు.”

అత్త భూతద్దం జారి బల్ల మీద పడింది. “ఓసినీ! అది మనిషి కాదే, కప్ప! చర్మంతో ఊపిరి పీల్చేది కప్ప! ఇంటిల్లిపాదీ...” అని నవ్వబోయి, గువ్వ మొహం చూసి ఠక్కున ఆగిపోయింది. పిల్ల పెదవులు తెల్లబడ్డాయి.

“పుస్తకం తీసుకురా” అంది అత్త, గొంతు తగ్గించి.

పరికించి చూశారు. ముప్పైరెండో పేజీ చివర, ‘మన శరీరంలో రక్తాన్ని నడిపించే గుండెలో’ అని ఉంది. ముప్పైమూడో పేజీ మొదట, ‘మూడు గదులు ఉంటాయి’ అని ఉంది. చదువుకుంటూ పోతే ఎక్కడా తట్టదు. ఈ జీవి, దీని ఊపిరితిత్తులు, దీని చర్మం అంటూ రెండు పేజీలూ నడిచి, ముప్పైనాలుగు చివర చుక్క పెట్టి ఆగింది. ముప్పైఅయిదులో ‘జీర్ణవ్యవస్థ’ అని కొత్త పాఠం. ముప్పైమూడో పేజీ అడుగున మాత్రం, చీమతలంత అక్షరాల్లో, ‘జంతు-3’ అని అచ్చయి ఉంది. ఏ ఫారం ఏ పుస్తకానిదో తెలియడానికి ప్రెస్సువాళ్లు వేసుకునే గుర్తు అది. ఈ పుస్తకంలో మిగతా ఫారాలన్నిటికీ ‘శరీర’ అని ఉంది. ఒకే ప్రెస్సు, ఒకే కాగితం, ఒకే అచ్చు, ఒకే అంకె. చీలిపోయిన విడి కాగితాలను అంకెలు చూసి పేర్చేటప్పుడు ఇంకో పుస్తకపు కాగితం ఇందులోకి వచ్చేసింది. అంకె చూశాక తాతయ్య ఇక వేరే గుర్తు చూడడు. ఆ అక్షరాలు ఆయన కళ్లకు ఆనవు కూడా.

“ఒక్క కాగితమే. దానికింత బెంగా?” అంది అత్త.

గువ్వ బెంగ ఆ కాగితం గురించి కాదు. అయిదు పుస్తకాలూ అలా పేర్చినవే. ఒకటి తప్పని తెలిసింది, అత్తకు గుండెజబ్బు ఉండబట్టి. మిగతావి తప్పయితే ఎవరు చెబుతారు? ఏ నది ఏ పుస్తకంలోంచి వచ్చిందో, ఏ తేదీ ఏ రాజుదో?

మర్నాడు కళ్లు మూసుకుని తట్టి చూసుకుంటే అన్నీ పలికాయి. కానీ ‘దేవుడా, అన్నీ ఉన్నాయి’ అనడానికి నోరు రాలేదు. ఉన్నాయి సరే, నిజమేనా? ఇన్నాళ్లూ ఉన్నవి పోతాయేమోనని భయపడింది. ఇప్పుడు ఉన్నవాటిని చూసే భయం పట్టుకుంది.

ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా తిరిగింది. తాతయ్య పాఠం చెబుతుంటే తల ఊపేది. అన్నం సయించేది కాదు. భయపడకూడదని డాక్టరు చెప్పాడు. భయపడితే ఫిట్స్ వస్తుందట. అందుకని భయపడుతున్నానేమోనని ఇంకా భయపడేది. రెండుసార్లు మాడిన పాల వాసన వచ్చినట్టయింది. ఫిట్స్ రాబోయే ముందు ఎప్పుడూ ఆమెకు అదే వాసన తగిలేది, పొయ్యి మీద ఏమీ లేకపోయినా. ఆ రెండుసార్లూ నేల మీద పక్కకు తిరిగి పడుకుని, కళ్లు గట్టిగా మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. ఫిట్స్ రాలేదు.

“తాతకి చెప్పేయవే” అంది అత్త మూడోరోజున.

“చెబితే ఆయన తట్టుకోలేడత్తా. ప్రాణం పోతుంది.”

“తాతలు అంత తేలిగ్గా పోరు. మా తాత మూడుసార్లు చుట్టాలందర్నీ పిలిపించి ఏడిపించి, మళ్లీ లేచి కూర్చుని కాఫీ అడిగాడు. చెప్పు.”

పరీక్షకు అయిదు రోజులుండగా సాయంత్రం తాతయ్య సూదిలో దారం ఎక్కించి, “ఇవాళ వాచకం వద్దు, సైన్సు చదువు. అది కాస్త బలంగా ఉండాలి” అన్నాడు. గువ్వ చదివింది. ముప్పై, ముప్పైఒకటి, ముప్పైరెండు. ‘మన శరీరంలో రక్తాన్ని నడిపించే గుండెలో’ దగ్గర ఆగిపోయింది.

“ఏం, ఆగావు? దారం ఇంకా ఉంది.”

“తరువాత పేజీ మనది కాదు తాతయ్యా.”

ఆయనకు అర్థం కాలేదు. గువ్వ అత్త దగ్గర తెచ్చుకున్న భూతద్దం ఆయన చేతికిచ్చి, పేజీ అడుగున వేలు పెట్టింది. తాతయ్య చాలాసేపు చూశాడు. కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాడు. వెలుగుకు ఎత్తి చూశాడు.

“కాగితం ఒకటే” అన్నాడు. “అచ్చు ఒకటే. అంకె ఒకటే.” ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు అన్నాడు. తరువాత తన మోచేతుల వైపు చూసుకున్నాడు. నవ్వుతాడేమో అనుకుంది గువ్వ. నవ్వలేదు.

“మిగతా నాలుగూ తీసుకురా.”

తెచ్చింది. ఆయన కత్తి తీసి అట్ట లోపలి గుడ్డ కోసేశాడు. వెన్ను మీది దారాలు ఒక్కొక్కటే తెంపాడు. తాను కుట్టిన పుస్తకాన్ని తాతయ్య కోయడం గువ్వ ఎన్నడూ చూడలేదు. లెక్కలు, భూగోళం, చరిత్ర, వాచకం, సైన్సు — అయిదూ గంటలో విడి కాగితాలైపోయాయి. పరీక్ష అయిదు రోజుల్లో ఉందనగా ఆమె దగ్గర ఒక్క పుస్తకం లేదు.

“తాతయ్యా, నేనెలా చదవను?”

“అతుకులు చదువు. ఒక్కో కాగితం చివరి వాక్యం, తరువాత కాగితం మొదటి వాక్యం. అడుగున గుర్తు ఉంటే అది కూడా. నేను అర్థం చూస్తాను, నువ్వు అంకె చూడు.”

బల్ల నిండిపోయింది. నేల నిండింది. మెట్ల మీద మెట్టుకొక పాఠం. అమ్మ లాండ్రీ నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, చరిత్రను తొక్కకుండా భూగోళం పక్కనుంచి పైకి వెళ్లింది. కాసేపటికి రొట్టె ముక్కలు చేసి తెచ్చి ఇద్దరి నోళ్లలో తానే పెట్టింది, చేతులు కాగితాలకు అంటకూడదని.

రెండు రోజులు చదివారు. నది కొండలోంచి పుట్టి సముద్రంలోనే కలిసింది. యుద్ధం మొదలుపెట్టిన రాజే యుద్ధం ఓడాడు. భిన్నాలకు జవాబులు సరిపోయాయి. తప్పు కాగితం ఆ ఒక్కటే. ఆ ఖాళీలోకి గడియారాల అత్త ఒక కాగితం తెచ్చిచ్చింది. డాక్టరు చూపించిన గుండెను గుర్తుపెట్టుకుని, నాలుగు గదులూ, కవాటాలూ, రక్తం వెళ్లే దారులూ వెంట్రుకంత గీతలతో గీసింది. “టిక్ టిక్ అనడం తప్ప అన్నీ వేశాను” అంది. ఆ బొమ్మ గీయడానికి ఎవరి గడియారం ఆ పూట ఆగిపోయి ఉందో మరి.

అంతా సరిగ్గానే ఉందని తేలాక గువ్వకు భయం తీరాలి. తీరలేదు. ఎందుకంటే తాతయ్యకు తీరలేదు. “సరిగ్గా ఉన్నాయని కాదు. నాకు తప్పు కనబడలేదు, అంతే. ముందూ కనబడలేదు కదా” అన్నాడాయన. మళ్లీ కుట్టమంటే సూది ముట్టుకోలేదు. అయిదు పుస్తకాలూ తాడుతో కట్టిన కట్టలుగానే ఉండిపోయాయి. ఎవరో పుస్తకాల మూట తెస్తే, “చూపు ఆనడం లేదండీ, వేరేచోట చూసుకోండి” అని పంపేశాడు. కుట్టు చప్పుడు లేని దుకాణంలో గువ్వకు చదువు ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు.

పరీక్ష రోజున అమ్మ సెలవు పెట్టింది. ముగ్గురూ వెళ్లారు. పొడవాటి వసారా, గోడకు ఆనించిన బెంచీలు. కాగితం మీద పరీక్ష పొద్దున అయిపోయింది. నోటి పరీక్షకు గువ్వకు పిలుపు వచ్చింది. అమ్మ ఆమె జడ ముందుకు వేసి, కొస ఒక్కసారి వేలికి చుట్టి వదిలేసింది. తాతయ్య కట్టలు మోసుకుని వెనకాలే లోపలికి వెళ్లాడు.

పరీక్షాధికారిణి నడివయసు మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని అవి ఎక్కడున్నాయని బల్ల మీద వెతుకుతోంది. గువ్వ భయంభయంగా తన నుదురు ముట్టుకుని చూపించింది.

“ఆ! ఒక మార్కు నీకు” అంది ఆవిడ. “కూర్చో తల్లీ.”

లెక్కలు అడిగింది. గువ్వ వేళ్లతో గాల్లో కాగితం మడుస్తూ చెప్పింది. పటం ఇస్తే నాన్నకు చెమటలు పట్టే కొండల మీద వేలు పెట్టింది. చరిత్ర చెప్పింది. పద్యం సగంలో ఉండగా ముక్కుకు తగిలింది — మాడిన పాల వాసన.

ఇక్కడ నేల మీద పడుకుంటే అంతా అయిపోయినట్టే. పడుకోకపోతే కుర్చీలోంచి పడుతుంది. నలభై మంచాలు వరసగా కళ్ల ముందు కనబడ్డాయి. వాసన తగ్గలేదు, పెరిగింది. తాతయ్య ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు. గువ్వ బల్ల అంచు పట్టుకుని అడిగింది.

“మేడమ్, మీకు కూడా మాడిన పాల వాసన వస్తోందా?”

ఆవిడ ఒక్కసారి గాలి పీల్చింది. “అటెండరు గారూ! మళ్లీనా?”

“ఒక్క నిమిషం పక్కకెళ్లానండీ!” అంది వసారాలోంచి ఒక గొంతు.

“మీ నిమిషానికి రోజుకో గిన్నె బలి!” ఆవిడ గువ్వ వైపు తిరిగింది. “కిటికీ తెరవమంటావా?”

గువ్వకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వాసన తన తలలోంచి కాక బయటినుంచి రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. భుజాలు వదులయ్యాయి. వాటితో పాటే నోరు కూడా వదులైనట్టుంది. తరువాతి ప్రశ్న గుండెకు ఎన్ని గదులని.

“మూడు.”

అనేసింది. ఏడాది పొడవునా అలవాటైన నోరు. గదిలో కలం చప్పుడు ఆగింది.

“కాదు, నాలుగు! మూడు కప్పకి!”

“కప్ప సంగతి నేను అడగలేదే” అంది ఆవిడ. “కప్ప ఎక్కణ్ణుంచి వచ్చింది?”

నిజం చెబితే తాతయ్య తప్పు కాగితానికెక్కుతుంది. చెప్పకపోతే తన అజ్ఞానం ఎక్కుతుంది. రెంటిలో ఏది ఆవాస పాఠశాలకు దగ్గర దారో గువ్వకు తేలలేదు.

“తప్పు పిల్లది కాదమ్మా” అన్నాడు తాతయ్య. నిలబడే ఉన్నాడింకా. “నాది.” కట్టల తాళ్లు విప్పి బల్ల మీద పెట్టాడు. ముప్పైమూడో పేజీ విడిగా తీసి ఆవిడ ముందు పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు. మోచేతులు తడుపుకున్న సంగతి కూడా దాచలేదు.

ఆవిడ నవ్వలేదు. ఆమె మంచితనమది. కాగితం తిప్పి చూసింది, అడుగు గుర్తు చూసింది, అత్త గీసిన గుండె చూసింది. “ఇదెవరు గీశారు?” అని అడిగి, తెలుసుకుని, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. తరువాత ముందున్న అనుమతి పత్రంలో ఒక గడి మీద కలం పెట్టింది.

“పిల్లకి చదువు వచ్చింది. ఇంట్లో చదువుకోనివ్వమని రాయగలను. కానీ ఇక్కడ ‘పాఠ్యపుస్తకాలు సక్రమంగా ఉన్నవి’ అనే గడి ఉంది. ఇవి చూశాక ఆ మాట రాయలేను పెద్దాయనా. ఒక్కటే దారి. పుస్తకాలు మా ఆఫీసే ఇస్తుంది, వాటితోనే చదవాలి. మీరు కుట్టినవి వద్దు. ఒప్పుకుంటే ఏడాదికి అనుమతి. ఒప్పుకోకపోతే పైవాళ్లకి పంపాలి. అక్కడ ఏమవుతుందో నా చేతిలో లేదు.”

“ఒప్పుకుంటాను” అన్నాడు తాతయ్య వెంటనే. “పిల్ల ఇంట్లో ఉంటే చాలు. నేనెలాగూ సూది వదిలేశానమ్మా.” కాగితాలు మళ్లీ కట్ట కడుతున్నాడు. యాభై ఏళ్లుగా ముడులు వేసిన వేళ్లకు ముడి పడటం లేదు.

ఆవిడ రాయడం మొదలుపెట్టింది. అనుమతి వచ్చేసింది. గువ్వ లేచి దణ్ణం పెట్టి బయటికి వెళ్లాలి. తలుపు అవతల అమ్మ ఉంది. ఈ గదిలో ఇంకొక్క మాట ఎక్కువైనా ఆ కలం ఆగిపోవచ్చు. అయినా ఆమె చూపు తాతయ్య వేళ్ల మీదనుంచి రాలేదు.

“మేడమ్.”

“ఏం తల్లీ?”

“మీరిచ్చే పుస్తకాలు ప్రెస్సు నుంచి విడి ఫారాలుగానే వస్తాయి కదండీ, తరువాతే కదా కుడతారు?”

“అవును. అయితే?”

“నావి మాత్రం కుట్టకుండా ఇప్పించండి మేడమ్. అడుగు గుర్తులన్నీ నేను చూస్తాను, ప్రతి అతుకూ నేను చదువుతాను. మీరెప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి చూపిస్తాను. తాతయ్యను కుట్టనివ్వండి.”